వార్త మన మిషన్ దాకా రావాలంటే: డెవలపర్లకు, ఐటీ అడ్మిన్లకు మెట్టు మెట్టుగా ఒక పద్ధతి

2017 మే 15, సోమవారం పొద్దున. హన్మకొండలో అప్పట్లో నేను పనిచేసే ఆఫీసులో అకౌంట్స్ గది తాళం తీసి కంప్యూటర్లు ఆన్ చేస్తే ఆరింటి తెరల మీద ఒకటే ఎర్ర పెట్టె. ఫైళ్లకు తాళం పడింది, బిట్‌కాయిన్‌లో 300 డాలర్లు కడితే తీస్తాం అని రాసి ఉంది. అది వన్నాక్రై. శుక్రవారం రాత్రే ఆ వార్త చూశాను. ఎక్కడో ఇంగ్లండ్ ఆసుపత్రుల సంగతి కదా అనుకుని పడుకున్నాను. పోయిన జీతాల లెక్కలను కాగితాలు చూసి మళ్లీ ఎక్కించడానికి ఇద్దరు క్లర్కులకు పద్దెనిమిది రోజులు పట్టింది.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఒక తేదీ. ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే ఇచ్చింది. దాడి మొదలైంది మే 12న. నడుమ 59 రోజులు. ఆ 59 రోజులూ నేను టెక్ వార్తలు చదువుతూనే ఉన్నాను. ఏ ఫోన్ వస్తోంది, ఏ కంపెనీ ఎవరిని కొన్నది, ఏ లాంగ్వేజ్ నేర్చుకుంటే జీతం ఎక్కువ, అన్నీ చదివాను. నా చేతి కింద ఉన్న విండోస్ 7 మిషన్ల గురించి మాత్రం ఒక్క ముక్క చదవలేదు.

ఆ తర్వాత తప్పులు దిద్దుకుంటూ ఒక పద్ధతి కుదుర్చుకున్నాను. ఇప్పుడు ఇదే ఊళ్లో ఒక ప్రైవేటు కాలేజీలో రెండు వందల పైచిలుకు కంప్యూటర్లు, నాలుగు సర్వర్లు చూసుకుంటాను. మా అక్క కొడుకు మడికొండ ఐటీ పార్కులో డెవలపర్‌గా చేరిన కొత్తలో ఒక ఆదివారం ఇంటికొచ్చి, "మామా, రోజుకు నూరు లింకులు వస్తున్నయి. ఇది నేర్చుకోకపోతే పనికిరావంటరు, అది చదవకపోతే ఖతం అంటరు. నేను ఏదని చదవాలె?" అని అడిగాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. హైదరాబాద్‌లో లేము కాబట్టి వెనకబడతాం అనే భయం మన వైపు పిల్లల్లో ఉంటుంది. అసలు సమాచారం పుట్టే చోటు నుంచి చదివేవాళ్లకు అది హైటెక్ సిటీలోనైనా, నర్సంపేటలోనైనా ఒకే నిమిషానికి అందుతుంది.

మొదటి మెట్టు: ముందు చిట్టా రాయండి

వార్తలతో మొదలుపెట్టకండి. మీ దగ్గర ఏమున్నదో రాసుకోవడంతో మొదలుపెట్టండి. ఇంట్లో ఏ డబ్బా ఖాళీ అయిందో తెలియకుండా అంగడికి పోతే కనిపించినవన్నీ కొనబుద్ధవుతుంది. టెక్ వార్తలూ అంతే.

ఒక స్ప్రెడ్‌షీట్ తీసి ఐదు గడులు పెట్టండి: పేరు, వెర్షన్, ఎక్కడ ఉంది, దాన్ని ఎవరు వాడతారు, దానికి కంపెనీ మద్దతు ఎప్పటిదాకా. సర్వర్లు, ఆపరేటింగ్ సిస్టమ్‌లు, డేటాబేస్‌లు అందరూ రాస్తారు. మరచిపోయేవి వేరే ఉంటాయి. రౌటర్ ఫర్మ్‌వేర్, సీసీ కెమెరాల రికార్డర్, బయోమెట్రిక్ హాజరు మిషన్, నెట్‌వర్క్ ప్రింటర్, కాలేజీ వెబ్‌సైట్‌లో ఎవరో ఎప్పుడో పెట్టిన వర్డ్‌ప్రెస్ ప్లగిన్లు. నేను మొదటిసారి చిట్టా రాసినప్పుడు కెమెరాల రికార్డర్ బయటి ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉందని తెలిసింది. పెట్టినప్పటి పాస్‌వర్డే ఉంది. ఆ రోజు ఏ వార్తా చదవకుండానే పెద్ద ప్రమాదం ఒకటి తప్పింది.

విండోస్‌లో విన్‌వర్ అని కొడితే వెర్షన్ కనబడుతుంది. లినక్స్‌లో ఈటీసీ ఫోల్డర్‌లోని ఓఎస్-రిలీజ్ ఫైలు తెరవండి. నెట్‌వర్క్‌లో ఏమేమి ఉన్నాయో ఎన్‌మ్యాప్ చూపిస్తుంది, కానీ మీ సొంత నెట్‌వర్క్ మీదనే, పైవాళ్ల అనుమతితోనే నడపండి.

డెవలపర్ల చిట్టా ఇంకొంచెం లోతుగా ఉండాలి. మీరు పిలిచిన లైబ్రరీలు పది అయితే, అవి తెచ్చుకున్న లైబ్రరీలు మూడు వందలు ఉండొచ్చు. 2021 డిసెంబర్‌లో లాగ్‌ఫోర్‌జే (జావా ప్రోగ్రాములు తమ పనుల చిట్టా, అంటే లాగ్, రాసుకోవడానికి వాడే లైబ్రరీ) లోపం బయటపడ్డప్పుడు ఈ తేడా అందరికీ తెలిసొచ్చింది. దాని నంబర్ సీవీఈ-2021-44228 (బయటపడ్డ ప్రతి లోపానికి ఇచ్చే గుర్తింపు నంబరే సీవీఈ), తీవ్రత పదికి పది. లాగ్‌లో ఒక ప్రత్యేకమైన వాక్యం పడేలా చేస్తే చాలు, దూరం నుంచి ఎవరైనా ఆ సర్వర్‌లో తమ కోడ్ నడిపించవచ్చు. "మేం జావా రాయం, మాకేం కాదు" అన్నవాళ్లు చాలామంది. తీరా చూస్తే అది వైఫై కంట్రోలర్లలో, వర్చువల్ మిషన్లను నడిపే సాఫ్ట్‌వేర్‌లో దాగి ఉంది. లాగ్‌ఫోర్‌జే తమ దగ్గర ఎక్కడుందో వెతకడానికే వారాలు పట్టినవాళ్లు ఉన్నారు. జావా ప్రాజెక్టులో మేవెన్ ఇచ్చే డిపెండెన్సీ ట్రీని, నోడ్ ప్రాజెక్టులో ప్యాకేజ్-లాక్ ఫైలును నెలకోసారి తెరిచి చూడటం అలవాటు చేసుకోండి. గిట్‌హబ్‌లో కోడ్ ఉంటే, లైబ్రరీల్లో లోపాలు తెలిస్తే చెప్పే డిపెండబాట్ హెచ్చరికలు ఆన్ చేసుకోండి.

ఈ చిట్టాకు ఒక శనివారం పూర్తిగా పోతుంది. పోనివ్వండి. మిగతా మెట్లన్నీ దీని మీదనే నిలబడతాయి.

రెండో మెట్టు: తేదీలను క్యాలెండర్‌లోకి ఎక్కించండి

సాఫ్ట్‌వేర్ వార్తల్లో చాలా భాగం ముందే తెలిసిన తేదీలకు వస్తుంది. పండుగల్లాగే. మైక్రోసాఫ్ట్ 2003 నుంచి ప్రతినెలా రెండో మంగళవారం సెక్యూరిటీ అప్‌డేట్‌లు ఇస్తోంది. మన టైమ్ ప్రకారం అది రాత్రి పదిన్నరకో, అమెరికా చలికాలంలో పదకొండున్నరకో వస్తుంది. అందుకే మనకు అసలు పని బుధవారం. ఒరాకిల్ జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ నెలల మూడో మంగళవారం ఇస్తుంది. పోస్ట్‌గ్రెస్ చిన్న విడుదలలు ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబర్ నెలల్లో రెండో గురువారం వస్తాయి. జావా కొత్త వెర్షన్ మార్చిలో, సెప్టెంబర్‌లో. పైథాన్ అక్టోబర్‌లో.

లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటులో ఎల్‌టీఎస్ (ఎక్కువ ఏళ్లు మద్దతు ఉండే వెర్షన్) లెక్క మన దగ్గరివాళ్లు అసలు మరచిపోరు. అది రెండేళ్లకోసారి, సరి సంవత్సరంలో, ఏప్రిల్‌లో వస్తుంది. మేడారం జాతర జరిగే సంవత్సరాలూ అవే. 2020, 2022, 2024, ఇట్లా అమ్మవార్లు గద్దెలు దిగి వనానికి పోయిన రెండు మూడు నెలలకు కొత్త ఎల్‌టీఎస్ వస్తుంది. మా మేనల్లుడికి ఇట్లా చెప్పాక మళ్లీ అడగలేదు.

విడుదల తేదీల కన్నా మద్దతు ఆగిపోయే తేదీలు ముఖ్యం. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14న ఆగింది. సెంట్‌ఓఎస్ 7కు 2024 జూన్ 30తో పూర్తయింది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016కు చివరి తేదీ 2026 జులై 14, విండోస్ సర్వర్ 2016కు 2027 జనవరి 12. నోడ్ 20కి 2026 ఏప్రిల్ 30. ఎండ్ ఆఫ్ లైఫ్ డాట్ డేట్ అనే సైట్‌లో వందలాది సాఫ్ట్‌వేర్ల తేదీలు ఒకేచోట దొరుకుతాయి. అక్కడ చూసి, కంపెనీ పేజీలో సరిచూసుకుని, మీ చిట్టా ఐదో గడి నింపండి. ప్రతి తేదీకి ఆరు నెలల ముందు క్యాలెండర్‌లో ఒక గుర్తు పెట్టండి. బడ్జెట్ అడగడానికి, మేనేజ్‌మెంట్‌ను ఒప్పించడానికి ఆ ఆరు నెలలు కావాలి.

ఈ మెట్టు దగ్గరే ఒక పెద్ద మార్పు చెప్పాలి. వెబ్‌సైట్ అసలైనదేనని బ్రౌజర్‌కు రుజువు చేసే టీఎల్ఎస్ సర్టిఫికెట్ల గడువును తగ్గించాలని సర్టిఫికెట్ కంపెనీలు, బ్రౌజర్ కంపెనీలు కలిసి 2025 ఏప్రిల్‌లో నిర్ణయించాయి. 2026 మార్చి 15 నుంచి గరిష్ఠంగా 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులు. ఏడాదికోసారి చేత్తో సర్టిఫికెట్ మార్చే పద్ధతి ఇక నడవదు. పైగా ఈ సర్టిఫికెట్లు ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ గడువు గుర్తుచేసే మెయిళ్లు పంపడం 2025 జూన్‌లో ఆపేసింది. సర్టిఫికెట్ దానంతట అదే రెన్యూ అయ్యేలా ఇప్పుడే పెట్టుకోండి. అడ్మిషన్ల రోజుల్లో వెబ్‌సైట్ తెరిస్తే ప్రమాదకరం అని హెచ్చరిక వస్తే ఫోన్లు ఎట్లా మోగుతాయో నేను ఒకసారి అనుభవించాను.

మూడో మెట్టు: సమాచారం పుట్టే చోటుకే పోండి

ఇప్పుడు వార్తల దగ్గరికి వద్దాం. ఆర్‌ఎస్‌ఎస్ రీడర్ (మీరు ఎంచుకున్న సైట్లలో కొత్తగా వచ్చినవన్నీ, అంటే వాటి ఫీడ్లు, ఒకేచోట చూపే సాధనం) ఒకటి పెట్టుకోండి. ఫీడ్లీ, ఐనోరీడర్ ఉచితంగానే మొదలుపెట్టవచ్చు. సొంత సర్వర్ ఉంటే ఫ్రెష్ఆర్‌ఎస్‌ఎస్ బాగుంటుంది. థండర్‌బర్డ్ మెయిల్ వాడేవాళ్లకు అందులోనే ఆ సౌకర్యం ఉంది. 2013 జులైలో గూగుల్ రీడర్ మూతపడ్డాక ఆర్‌ఎస్‌ఎస్ పోయిందని చాలామంది అనుకున్నారు. అది ఎక్కడికీ పోలేదు. దీని గొప్పతనం ఒకటే. ఏది ముందు చూపాలో ఇంకొకరి అల్గారిథమ్ నిర్ణయించదు. మీరు అడిగినవి, వచ్చిన వరుసలో వస్తాయి.

మొదట చేర్చాల్సినవి మీ చిట్టాలోని వస్తువుల సొంత పేజీలు. ఉబుంటు సెక్యూరిటీ నోటీసులు, మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ పేజీ, మీ ఫైర్‌వాల్ కంపెనీ హెచ్చరికలు, మీ ఫ్రేమ్‌వర్క్ విడుదల నోట్స్. గిట్‌హబ్‌లో ఉన్న ప్రాజెక్టు అయితే పైన వాచ్ నొక్కి, కస్టమ్‌లోకి పోయి, రిలీజెస్ ఒక్కటే ఎంచుకోండి. అన్నీ ఎంచుకుంటే రెండు రోజుల్లో విసుగొచ్చి ఆపేస్తారు.

తర్వాత సెర్ట్-ఇన్. మన దేశంలో సైబర్ ఘటనలు చూసే జాతీయ సంస్థ ఇది, 2004 నుంచి పనిచేస్తోంది. దీని హెచ్చరికలు చదవడం ఎంత అవసరమో దీని నిబంధనలు తెలిసుండటమూ అంతే అవసరం. 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం అందులో పేర్కొన్న సైబర్ ఘటన జరిగితే తెలిసిన ఆరు గంటల్లో తెలియజేయాలి, సిస్టమ్ లాగ్‌లు 180 రోజులు దాచాలి. మన జిల్లాల్లో చిన్న కంపెనీలు నడిపేవాళ్లలో చాలామందికి ఈ ఆరు గంటల సంగతి తెలియదు.

మూడోది, అమెరికా సైబర్ సంస్థ సిసా 2021 నవంబర్ నుంచి నడిపే కెవ్ జాబితా. దొంగలు ఇప్పటికే వాడుతున్న లోపాలు మాత్రమే ఇందులో ఉంటాయి. ఏడాదికి వేల కొద్దీ కొత్త సీవీఈలు వస్తాయి. వాటిలో నిజంగా దాడులకు వాడేవి కొన్నే. ఒక్కటే చదివే తీరిక ఉంటే ఈ జాబితా చదవండి.

ఇవన్నీ అయ్యాక, లోతుగా వివరించే రాతలు రెండో మూడో చేర్చుకోండి. లినక్స్ లోపలి సంగతులకు ఎల్‌డబ్ల్యూఎన్ అనే సైట్ చాలా నమ్మకమైనది. చందాదారులకు ముందు ఇచ్చి, ఒక వారం పది రోజుల తర్వాత అందరికీ తెరుస్తారు. సైబర్ నేరాల మీద విలేకరి బ్రయాన్ క్రెబ్స్ రాతలు బాగుంటాయి. పొద్దున చాయ్ తాగే టైమ్‌లో వినడానికి సైబర్ శిక్షణ సంస్థ శాన్స్ వాళ్ల స్టార్మ్‌కాస్ట్ అనే పాడ్‌కాస్ట్ ఉంది, కొద్ది నిమిషాల్లో ఆ రోజు ముఖ్యమైనవి చెప్పేస్తారు. మొత్తం ఇరవైకి మించనివ్వకండి.

నాలుగో మెట్టు: హెచ్చరికను చదివే తీరు

ఇక్కడ నిదానంగా నడుద్దాం. భయపడి పరుగెత్తడం, అసలు పట్టించుకోకపోవడం, రెండూ ఈ మెట్టు సరిగా రాకనే జరుగుతాయి.

హెచ్చరిక తెరవగానే స్కోర్ చూడకండి. ముందు పేరు చూసి మీ చిట్టాలో వెతకండి. లేకపోతే అక్కడితో ఆపేయండి, ఎంత పెద్ద వార్తయినా సరే. ఉంటే ఏ వెర్షన్ల నుంచి ఏ వెర్షన్ల దాకా అన్న వాక్యం వెతకండి. మీ వెర్షన్ ఆ నడుమ ఉందా? తర్వాత, దాడి చేసేవాడు ఎక్కడి నుంచి చేయగలడు? ఇంటర్నెట్ నుంచి, లాగిన్ లేకుండానే చేయగలిగితే ఆ రాత్రే పని. లోపల లాగిన్ అయినవాడే చేయగలిగితే శనివారం దాకా ఆగవచ్చు. అయితే విద్యార్థులు లాగిన్ అయ్యే ల్యాబ్ మిషన్లకు ఈ సడలింపు వర్తించదు. కెవ్ జాబితాలో ఉందా? ఉంటే మిగతా పనులు పక్కనపెట్టండి. చివరగా, ప్యాచ్ (లోపాన్ని పూడ్చే అప్‌డేట్) ఉందా, లేక తాత్కాలిక ఉపాయమేదైనా చెప్పారా?

స్కోర్ గురించి ఒక మాట. లోపాల తీవ్రతకు అంకె ఇచ్చే సీవీఎస్ఎస్ పద్ధతిలో 9.0 నుంచి 10 వరకు అతి తీవ్రం, 7.0 నుంచి 8.9 వరకు తీవ్రం. ఆ అంకె లోపం ఎంత చెడ్డదో చెబుతుంది. మీ ఆఫీసులో అది ఎంత ప్రమాదమో చెప్పదు. మూల గదిలో, నెట్ లేని మిషన్‌లో ఉన్న 9.8 కన్నా బయటికి తెరిచి ఉన్న వీపీఎన్ పెట్టెలోని 7.5 నన్ను ఎక్కువ టెన్షన్ పెడుతుంది. ఇంకొకటి, లోపాల వివరాలు నమోదుచేసే అమెరికా ఎన్‌వీడీ డేటాబేస్‌లో 2024 ఫిబ్రవరి నుంచి విశ్లేషణ పని బాగా వెనకబడింది. కొత్త లోపానికి అక్కడ స్కోర్ కనబడకపోతే ప్రమాదం లేదని అనుకోవద్దు. తయారీదారు పేజీ చూడండి.

ఒక నిజమైన ఉదాహరణ తీసుకుందాం. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో ఎవరో కావాలని దొంగదారి పెట్టారని బయటపెట్టాడు. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి పోయే దారి) లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వితే బయటపడింది. నంబర్ సీవీఈ-2024-3094, స్కోర్ పది. ఆ రాత్రి మా అల్లుడు ఫోన్ చేసి, "మామా, లినక్స్ సర్వర్లన్నీ పోయినయట గద?" అన్నాడు. "హెచ్చరికల వెర్షన్ నంబర్ సదివినవా?" అని అడిగాను. 5.6.0, 5.6.1 మాత్రమే. అవి డెబియన్ టెస్టింగ్, ఫెడోరా ప్రయోగ వెర్షన్ల వంటి వాటిలోకే వెళ్లాయి. కంపెనీలు వాడే స్థిరమైన ఉబుంటు, రెడ్ హ్యాట్ విడుదలల్లోకి పోలేదు. వాడు ఎక్స్‌జెడ్ వెర్షన్ కమాండ్ కొట్టి చూశాడు, పాతదే ఉంది. రెండు నిమిషాల్లో ఇద్దరం ఫోన్ పెట్టేశాం. అదే లాగ్‌ఫోర్‌జే అప్పుడైతే నేను మూడు రాత్రులు ఇంటికి రాలేదు. రెండింటి స్కోరూ పదే.

హెచ్చరికల్లో తరచూ వచ్చే కొన్ని ఇంగ్లిష్ మాటలు తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లను ఆపేస్తాయి. నన్నూ ఆపాయి. డిప్రికేటెడ్ అంటే ఇప్పుడు పనిచేస్తుంది, ముందు ముందు తీసేస్తారు, కొత్త కోడ్‌లో వాడొద్దు అని. బ్రేకింగ్ చేంజ్ అంటే అప్‌డేట్ చేస్తే మీ పాత కోడ్ ఆగిపోవచ్చు. మిటిగేషన్ అంటే లోపం పోదు, దెబ్బ తగ్గుతుంది. వర్క్‌అరౌండ్ అంటే ప్యాచ్ వచ్చేదాకా చుట్టుదారి. బ్యాక్‌పోర్ట్ అన్నమాటను మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. రెడ్ హ్యాట్, డెబియన్, ఉబుంటు వంటివి కొత్త వెర్షన్‌లోని సవరణను తీసుకొచ్చి పాత వెర్షన్‌కే అతికిస్తాయి. పైన నంబర్ మారదు. రెడ్ హ్యాట్ 8లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ఎప్పుడు చూసినా 8.0 అనే చూపిస్తుంది, లోపల సవరణలు పడుతూనే ఉంటాయి. ఇది తెలియని ఆడిటర్ స్కానర్ రిపోర్ట్ తెచ్చి పాత వెర్షన్ వాడుతున్నారని రాస్తే, ప్యాకేజీ చేంజ్‌లాగ్ తెరిచి ఆ సీవీఈ నంబర్ చూపించండి.

ఐదో మెట్టు: అందరికీ ఒకేసారి వేయకండి

వార్త అందింది, మనకు వర్తిస్తుంది, ప్యాచ్ ఉంది. వెంటనే రెండు వందల మిషన్లకు తోసేస్తే ఏమవుతుందో 2024 జులై 19న లోకమంతా చూసింది. సైబర్ భద్రతా కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక తప్పు ఫైలు మన టైమ్ ప్రకారం పొద్దున 9:40 ప్రాంతంలో బయలుదేరింది. గంటా ఇరవై నిమిషాల్లోపే వెనక్కి తీసుకున్నారు. అప్పటికే మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ మిషన్లు నీలి తెరతో ఆగిపోయాయి. చాలావాటిని ఒక్కొక్క దాని దగ్గరికి నడిచి వెళ్లి సేఫ్ మోడ్‌లో సరిచేయాల్సి వచ్చింది.

మా కాలేజీలో బుధవారం ఐదు మిషన్లకు వేస్తాం. రెండు నావి, ఒకటి లైబ్రరీది, ఒకటి అకౌంట్స్‌ది, ఒకటి ల్యాబ్‌ది. ప్రింట్ తీయడం, హాల్‌టికెట్ డౌన్‌లోడ్, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ తెరవడం, ఈ మూడూ చూస్తాం. శుక్రవారం సాయంత్రానికి ఇబ్బంది లేకపోతే మిగతావాటికి. కెవ్ జాబితాలోని లోపమైతే ఈ ఆగడం ఒక్క పూటకు కుదిస్తాం. సర్వర్ అయితే ముందు బ్యాకప్ తీసి, ఆ బ్యాకప్‌ను వేరేచోట తెరిచి చూడాలి. తెరవని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను.

డెవలపర్లకూ ఇదే. 2025 సెప్టెంబర్ 8న చాక్, డీబగ్ అనే పేరున్న ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ లైబ్రరీలు దొరికే చోటు) ప్యాకేజీలను, వాటితోపాటు మరికొన్నిటిని చూసుకునే వ్యక్తిని ఒక దొంగ మెయిల్‌తో మోసంచేసి, వాటిలో క్రిప్టో దోచే కోడ్ పెట్టారు. రెండు గంటల్లో పట్టుకున్నారు. ఆ వేళలో లాక్ ఫైలు (ఏ లైబ్రరీ ఏ వెర్షన్ అన్నది కట్టిపడేసే ఫైలు) లేకుండా తాజాది లాగినవాళ్లకే ముప్పు. లాక్ ఫైలును రిపోలో పెట్టండి, బిల్డ్ సర్వర్‌లో ఎన్‌పీఎం సీఐ కమాండే వాడండి. సెక్యూరిటీ సవరణ కాని కొత్త వెర్షన్‌ను కొద్దిరోజులు ఆగి తీసుకోండి. ఏఐ సాయం తీసుకునేవాళ్లు అది చెప్పిన ప్యాకేజీ పేరును కళ్లు మూసుకుని ఇన్‌స్టాల్ చేయొద్దు. కొన్నిసార్లు అది లేని పేర్లు చెబుతుంది. ఆ పేర్లనే కనిపెట్టి, వాటితో హానికర ప్యాకేజీలు పెట్టేవాళ్లున్నారు. రిజిస్ట్రీలో తెరిచి, ఎప్పటి నుంచి ఉంది, కోడ్ ఎక్కడుంది చూసి ముందుకు పోండి.

ఆరో మెట్టు: నేర్చుకోవడానికి మూడు నెలలకు ఒక్కటే

వార్తలు అడ్మిన్లను ఎక్కువ భయపెడితే, పాఠాలు డెవలపర్లను భయపెడతాయి. మా అల్లుడి ల్యాప్‌టాప్‌లో పదకొండు కోర్సులు మొదలుపెట్టి ఉన్నాయి, ఒక్కటీ పూర్తి కాలేదు. వాడిది బద్ధకం కాదు. రోజూ ఎవరో ఒకరు కొత్తది చూపించి కంగారు పెడితే ఎవరైనా అంతే చేస్తారు.

చిట్టా మళ్లీ తీయించాను. "నీ పనిల నిన్ను వారం వారం సతాయించేది ఏంది?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఒక రిపోర్టు పేజీ తెరుసుకోనికె నలభై సెకన్లు వడుతది మామా. డేటాబేస్ అంటే నాకు భయమే" అన్నాడు. అదే మూడు నెలల పాఠం అయింది. పోస్ట్‌గ్రెస్ అధికారిక డాక్యుమెంటేషన్‌లో పనితీరు చిట్కాల అధ్యాయం ఉంది. డేటాబేస్ ఒక క్వెరీని ఎట్లా నడుపుతుందో చూపే ఎక్స్‌ప్లెయిన్ కమాండ్‌ను ఎలా చదవాలో అందులో ఉదాహరణలతో చెప్పారు. మొదటి రెండు వారాలు అదొక్కటే చదివాడు. తర్వాత సొంత మిషన్‌లో పది లక్షల వరసల నకిలీ పట్టిక తయారుచేసి, ఇండెక్స్ లేకుండా, ఇండెక్స్‌తో, తప్పు ఇండెక్స్‌తో నడిపి టైమ్‌లు రాసుకున్నాడు. ఏడో వారంలో ఆ రిపోర్టు క్వెరీలో లోపం వాడికే దొరికింది.

చదవాల్సిన వరుస నా అనుభవంలో ఇది. ఆ సాధనం తయారుచేసినవాళ్ల డాక్యుమెంటేషన్‌లో మొదలుపెట్టే పాఠం. అది అర్థం కాకపోతే తెలుగు వీడియో ఒకటి చూడండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, మన భాషలో ఒకసారి విన్నది మనసులో నిలుస్తుంది. కానీ వీడియో ఏ తేదీది, ఏ వెర్షన్‌ది అన్నది మొదట చూడండి. ఆ తర్వాత పునాది కోసం ఒక పూర్తి కోర్సు. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్, డేటాబేస్ పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కోసం పరీక్ష రాస్తేనే ఫీజు. హార్వర్డ్ సీఎస్50 మొదటి నుంచి మొదలుపెట్టేవాళ్లకు చాలా మంచిది. షెల్, గిట్, డీబగ్గింగ్ వంటివి కాలేజీలో ఎవరూ సరిగా నేర్పరు, వాటి కోసం ఎంఐటీ వాళ్ల మిస్సింగ్ సెమిస్టర్ చూడండి. వెబ్ పనికి మొజిల్లా వాళ్ల ఎండీఎన్ సైట్‌ను మించింది లేదు. విండోస్, అజూర్ అడ్మిన్లకు మైక్రోసాఫ్ట్ లర్న్. నెట్‌వర్క్ నేర్చుకునేవాళ్లకు సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీ, ఉచితంగా దొరికే ప్యాకెట్ ట్రేసర్.

ల్యాబ్ లేకుండా అడ్మిన్ పని రాదు. 16 జీబీ ర్యామ్ ఉన్న పాత డెస్క్‌టాప్ ఒకటి చాలు. దాని మీద వర్చువల్ మిషన్లు నడిపే ప్రాక్స్‌మాక్స్ ఉచితంగా వేసుకోవచ్చు, ల్యాప్‌టాప్ అయితే వర్చువల్‌బాక్స్. రెండు లినక్స్ వర్చువల్ మిషన్లు పెట్టి, ఒకదాంట్లో డేటాబేస్ నడిపి, బ్యాకప్ తీసి, మొదటి మిషన్‌ను పూర్తిగా తుడిచేసి, రెండోదాంట్లో తిరిగి నిలబెట్టండి. ఇది భయం లేకుండా మూడుసార్లు చేసినవాణ్ని నేను ఇంటర్వ్యూలో వేరే ప్రశ్న అడగకుండా తీసుకుంటాను. క్లౌడ్ ఉచిత ఖాతాలు తెరిచేవాళ్లు మొదటి రోజే బడ్జెట్ హెచ్చరిక పెట్టుకోండి, ఇంట్లోవాళ్ల కార్డు ఇచ్చినప్పుడు మరీ జాగ్రత్త.

రోజూ కాజీపేట నుంచి సికింద్రాబాద్ రైల్లో పోయివచ్చేవాళ్లకు పోనూ రానూ నాలుగు గంటలకు పైనే చేతిలో ఉంటుంది. ఆ టైమ్‌కు పనికొచ్చేది డాక్యుమెంటేషన్ పీడీఎఫ్. ముందు రాత్రే దించుకోండి, సిగ్నల్ మీద ఆధారపడకండి. వీడియోలు ఇంటి దగ్గర, కీబోర్డు ముందు ఉన్నప్పుడే చూడండి.

ఏడో మెట్టు: టైమ్ కట్టేయండి

పొద్దున పదిహేను నిమిషాలు హెచ్చరికలు. బుధవారం గంట, ప్యాచ్‌లకు. శనివారం రెండు గంటలు ల్యాబ్. మిగతా టైమ్‌లో వచ్చిన లింకులను తర్వాత చదివే జాబితాలో పడేసి, నెల దాటిన వాటిని చదవకుండానే తీసేయండి. అవసరమైనది మళ్లీ ఇంకో దారిలో వస్తుంది.

ఎనిమిదో మెట్టు: రాసుకోండి, ఏరివేయండి

ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలు తెచ్చిన రైతు తక్‌పట్టీ (అమ్మకం చీటీ) చేతికి రాకుండా గేటు దాటడు. నేనూ ప్రతి హెచ్చరికకు ఒక వరస రాయకుండా ఆ పేజీ మూయను. తేదీ, సీవీఈ నంబర్, మనకు వర్తిస్తుందా, ఏం చేశాం, ఎవరు చేశారు. వర్తించకపోతే ఎందుకు వర్తించదో నాలుగు మాటలు. ఆడిట్ వచ్చినప్పుడు, నేను సెలవులో ఉన్నప్పుడు, ఆ పుస్తకమే జవాబు చెబుతుంది. కొత్తగా చేరిన కుర్రాడికి దాన్ని చదవమనే ఇస్తాను, వారంలో మా సర్వర్లన్నీ పరిచయమైపోతాయి.

మూడు నెలలకోసారి నేనూ అల్లుడూ సుబేదారిలో మా ఇంటి మేడ మీద కూర్చుని ఎవరి ఫీడ్లు వాళ్లు ఏరివేస్తాం. ఒక ఫీడ్ వల్ల మూడు నెలల్లో పుస్తకంలో ఒక్క వరస కూడా పడలేదంటే దాన్ని తీసేస్తాం. చిట్టాలో కొత్తగా చేరిన వస్తువుకు కొత్త ఫీడ్ పెడతాం. పోయినసారి వాడు ఆరు తీసేసి ఒక్కటే కలిపాడు, పోస్ట్‌గ్రెస్ విడుదలలది. నా చిట్టాలో సర్టిఫికెట్ల గడి ముందు "200 రోజులు, స్వయంగా రెన్యూ" అని రాసుకున్నాను. పదమూడు సైట్లలో పదకొండింటికి అయింది. హాస్టల్ ఫీజు పోర్టల్, పాత లైబ్రరీ సర్వర్ మిగిలాయి. వచ్చే బుధవారం వాటి పని.